నేను వెళ్ళని డాన్సు క్లాసు

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వేదిక మీద నిలబడి, వేరే మనిషి జీవితంలో జరిగిన ఒక సాయంత్రాన్ని నా జీవితంలో జరిగినట్టు చెప్పాను. హాలు నిండా జనం. నవ్వాల్సిన చోట నవ్వారు, చప్పట్లు కొట్టాల్సిన చోట కొట్టారు. ఆ సాయంత్రం ఎవరిదో ఆ మనిషి హాలు వెనక పెరుగన్నం గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడి, మొదటి నుంచి చివరిదాకా వింది.

పొరపాటున నోరు జారిందని రాసుకుంటే కొంత సుఖంగా ఉండేది. అలా రాయలేను. ముందు రోజు స్నానం చేస్తూ ఆ కథని రెండుసార్లు వల్లె వేసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా చూసుకున్నాను.

అసలు సంగతి చెప్పాలంటే మా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. సైన్స్ పార్క్‌లో మా ఆఫీసు. అమెరికాలోనో యూరప్‌లోనో ఒక ఆల్బమ్ విడుదలవుతుంది. దాన్ని ఆసియా దేశాల్లో ఎవరి చెవికి చేర్చాలి, ఏ యాప్‌లో ఏ పాటల వరసలో పెట్టించాలి, ఎవరి చేత మాట్లాడించాలి అన్నది మా పని. ఆరుగురి టీముకి నేను మేనేజర్ని. సింగపూర్ వచ్చి పద్నాలుగేళ్ళు. ప్రమోషన్ రెండుసార్లు నా పక్కనుంచే నడిచి వెళ్ళి, నాకంటే చిన్నవాళ్ళ దగ్గర ఆగింది.

పోయిన ఏడాది మాకు ఒక కంట్రీ మ్యూజిక్ ఆల్బమ్ వచ్చింది. పాడినామె పేరు ఇక్కడ రాయను. ఈ కథలో ఆమె తప్పేమీ లేదు. కంట్రీ అంటే అమెరికా పల్లెల పాటలు. గిటారు, ఫిడేలు, పొలాలు, పాత ట్రక్కులు, విడిపోయిన మొగుడూ పెళ్ళాలు. అక్కడ ఆ పాటలకు ఇళ్ళకిళ్ళే అభిమానులు. ఇక్కడ ఎవరు వింటారు? హెడ్డాఫీసు వాళ్ళకీ ఆశ లేదు. "ఆసియాకి మీకు తోచింది చేయండి" అని ఒక వాక్యం రాసి వదిలేశారు. దాన్ని తీసుకోవడానికి టీములో ఎవరూ ముందుకు రాలేదు. నేను దాన్ని, ఆదివారం పెరుగన్నం దగ్గర నిలబడిన ఆ అమ్మాయికి ఇచ్చాను. ఎవరికీ అక్కర్లేని పని ఎవరికి ఇస్తే కాదనరో మేనేజర్లకి బాగా తెలుస్తుంది.

ఆమెది అనంతపురం జిల్లా. ముప్ఫై దాటి ఒకటి రెండేళ్ళు ఉంటాయి. జురాంగ్ ఈస్ట్‌లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని ఉంటుంది. మా టీములో తెలుగువాళ్ళం మేమిద్దరమే. ఆల్బమ్ ఇచ్చిన నాలుగో రోజున నా సీటు దగ్గరికి వచ్చింది.

"సార్, తొమ్మిదో పాట విన్నారా?"

"వింటాలే అమ్మా. ఏముంది అందులో?"

"ఒకామె, వానల్లేక, ఎద్దుల్ని సంతకు తోలుకపోతాది సార్. అమ్మేసినాక వాటి పలుపులు మాత్రం విప్పి ఇంటికి తెచ్చుకుంటాది. మా నాయన అట్లే తెచ్చినాడు సార్. అమెరికాలో గూడా అట్ల చేస్తారని నాకు తెలీదు."

"అయితే ఈ ఆల్బమ్‌ని అనంతపురంలో అమ్ముదామంటావా?" అన్నాను. ఇంగ్లీషులో అన్నాను, పక్క సీట్లవాళ్ళకి కూడా అర్థం కావాలని. వాళ్ళు నవ్వారు. మర్యాద కోసం ఆమె కూడా నవ్వి వెళ్ళిపోయింది.

నేను ఆ పాట వినలేదు. ఆల్బమ్ కూడా వినలేదు. ఆసియాలో దాన్ని మొదటి స్థానానికి తెచ్చినవాడిగా సన్మానం చేయించుకున్న రోజుకి కూడా పూర్తిగా వినలేదు.

తర్వాత జరిగింది ఆమె చెప్పినట్టే రాస్తాను. ఒక సాయంత్రం ఆమె ఫ్లాట్‌లో వంట చేసుకుంటూ ఆ తొమ్మిదో పాట పెట్టుకుంది. ఇక్కడి ఫ్లాట్లలో తలుపులు తీసే ఉంచి, బయటి కటకటాల గేటు మాత్రం మూస్తారు. పక్కింటి చైనీస్ ఆంటీ, అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ టీచర్, గేటు అవతల నిలబడి కాలితో నేల మీద తాళం వేస్తోంది. "మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టింది. "మళ్ళీ" అంది. పొయ్యి మీద పప్పు మాడింది. ఐదోసారికి ఆంటీ లోపలికి వచ్చి, వంటింట్లోనే నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ వేసి, ఒక్కో గోడ వైపూ తిరిగి చూపించింది. ఆంటీ కమ్యూనిటీ సెంటర్‌లో లైన్ డాన్స్ నేర్పుతుంది. అందరూ వరసల్లో నిలబడి, ఒకేసారి అడుగులేస్తూ, ఒక గోడ తర్వాత ఇంకో గోడకి తిరుగుతూ చేసే డాన్సు. సింగపూర్‌లో పెద్ద వయసు ఆడవాళ్ళు వందలమంది, వారానికి రెండు సార్లు, ఈ ఉక్కలో బూట్లూ టోపీలూ పెట్టుకుని కంట్రీ పాటలకే ఆ డాన్సు చేస్తారని మా ఆఫీసులో ఒక్కరికీ తెలీదు. మా ఆఫీసులో ఎవరి తల్లీ ఆ వయసులో అక్కడ లేదు కాబోలు. ఉన్నా అడిగినవాళ్ళు లేరు.

ఆంటీ ఆ పాటకి అడుగులు కట్టింది. కట్టిన అడుగుల్ని ఒక కాగితం మీద రాస్తారు, వాళ్ళ భాషలో స్టెప్ షీట్. ఆ అమ్మాయి క్లాసుకి వెళ్ళి వీడియో తీసింది. కాగితం, వీడియో కలిపి మలేసియాలో ఉన్న డాన్సు టీచర్లకి పంపింది. వాళ్ళు తైవాన్ వాళ్ళకి, వాళ్ళు కొరియా వాళ్ళకి. డాన్సు నేర్చుకునేవాళ్ళు పాటని ఒకసారి విని వదలరు. ఒక గంట క్లాసులో ఇరవై సార్లు పెడతారు, ఇంటికెళ్ళి ఇంకో పదిసార్లు పెట్టుకుని సాధన చేస్తారు. తొమ్మిదో పాట నుంచి మిగతా పాటలకి వెళ్ళారు. మా ప్రాంతపు చార్టులో ఆ ఆల్బమ్ మొదటి స్థానానికి వచ్చి, వారాల తరబడి అక్కడే కూర్చుంది. ఇక్కడి రికార్డుల షాపుల్లో సరుకు అయిపోయి మళ్ళీ తెప్పించారు. గాయని తన టూర్‌లో సింగపూర్‌ని కలిపింది. టికెట్లు పెట్టిన పూటే అయిపోయాయి.

హెడ్డాఫీసు వాళ్ళు వీడియో కాల్‌లో అడిగారు, ఇదెలా జరిగిందని.

మొదటి కాల్‌లో "మా టీమ్ చేసింది" అన్నాను. అది మాత్రం అబద్ధం కాదనుకున్నాను. రెండో కాల్‌లో, ఆ అమ్మాయి సెలవులో ఉన్న రోజు, "ఈ డాన్సు బృందాల్ని నేను గుర్తించి టీముతో చేయించాను" అన్నాను. ఎవరూ ఆపలేదు. ఆ మాట అన్న తర్వాత ఒక వారం భయం భయంగా ఉంది. వారం గడిచాక భయం పోయి, నిజంగా నేనే చేశానేమో అన్నంత హాయి వచ్చింది. నెల తిరిగేసరికి ప్రమోషన్ వచ్చింది. ఉద్యోగాల సైట్‌లో నా గురించి నేనే ఒక పొడుగాటి పోస్టు రాసుకున్నాను. ఆ పోస్టు కింద ఆమె కూడా అభినందనలు పెట్టింది. రెండే మాటలు, "కంగ్రాట్స్ సార్."

అంతటితో ఆగి ఉంటే అది చాలా ఆఫీసుల్లో జరిగే మామూలు దొంగతనం. కానీ ఈ ఏడాది కంపెనీలో మనుషుల్ని తగ్గించడం మొదలైంది. మా ఆరుగురిలో ఒకరు పోవాలి. ఆమె వర్క్ పాస్ గడువు ఇంకో రెండు నెలల్లో ముగుస్తుంది. కంపెనీ ఉంచుకుంటే పాస్ మళ్ళీ ఇస్తారు. లేదంటే సామాను సర్దుకోవాలి. డైరెక్టర్ ప్రతి మనిషి గురించీ నన్ను ఒక పేరా రాసిమ్మన్నాడు. ఆ సంగతి తెలిసి ఆమె మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"సార్, నన్ను పొగడద్దండి. ఆ ఆల్బమ్ సంగతి ఒక్కటి జరిగినట్టు రాయండి, చాలు."

"రాస్తాలే అమ్మా, అది వేరే చెప్పాలా?" అన్నాను.

రాయలేదు. రాస్తే నేను కాల్‌లో చెప్పింది అబద్ధమైపోతుంది. "కష్టపడే మనిషి, టీముకి మంచి సహాయకురాలు" అని రాసి పంపాను. ఎవరిని తీసేయాలో తేల్చుకునేవాడు అలాంటి వాక్యం చదివితే ఏం చేస్తాడో నాకు తెలుసు. మంగళవారం సాయంత్రానికి పేర్లు పైకి వెళ్తాయి. దానికి ముందు ఆదివారమే తెలుగు సంఘం వార్షికోత్సవం.

సంఘం అధ్యక్షుడు నా పోస్టు చూసి ఫోన్ చేశాడు. "ఏంటి సార్, ఇంత ఘనకార్యం చేసి దాచుకుంటారా? అమెరికా పాటని ఆసియాలో నంబర్ వన్ చేసింది మన తెలుగువాడంటే మాకెంత గర్వం!" మూడు రోజుల్లో పోస్టరు వచ్చింది. ఒక మూల గాయని ఫోటో, మధ్యలో నాది, దాని చుట్టూ గులాబీల అంచు. నా ఫోటో ఆమె ఫోటోకంటే పెద్దది.

స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకున్నారు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, చట్రం కట్టిన సన్మాన పత్రం చదివారు. అందులో నన్ను సంగీత సాగరాన్ని మథించినవాడన్నారు. నా భార్యా, పద్నాలుగేళ్ళ కూతురూ రెండో వరసలో ఉన్నారు. అధ్యక్షుడు మైకు నా చేతికిచ్చి, "అసలీ ఆలోచన మీకెలా వచ్చిందో మా పిల్లలకి చెప్పండి సార్" అన్నాడు.

చెప్పాను. వంట చేసుకుంటున్నది నేనే. పప్పు మాడింది నాదే. గేటు అవతల నిలబడి తాళం వేసిన ఆంటీ మా పక్కింటి ఆంటీ. కథ ఇంకా బాగుండాలని ఆంటీ కాళ్ళకి ఎర్ర బూట్లు తొడిగాను. సంతకు తోలిన ఎద్దులు మా తాతగారివి అన్నాను. మా తాతగారు తెనాలిలో స్టేషనరీ కొట్టు పెట్టుకున్న మనిషి. ఆయనకి ఎద్దుల్లేవు. ఎవరో పెద్దావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు చూశాను వెనక బల్లల దగ్గర, వలంటీర్ల బ్యాడ్జీ పెట్టుకుని నిలబడిన ఆ అమ్మాయిని. రెండేళ్ళుగా సంఘం భోజనాల దగ్గర ఆమె సాయం చేస్తోందని నాకు తెలుసు. తెలిసీ ఆమె వస్తుందని అనుకోలేదు, లేదా వచ్చినా ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఈ రెంటిలో ఏది నిజమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండోదే అయివుంటుంది.

భోజనాల వరసలో అందరూ నన్ను ముందుకి తోశారు. పులిహోర, గుత్తివంకాయ దాటి పెరుగన్నం దగ్గరికి వచ్చాను. ఆమె గరిటెతో వేసి, మామూలు గొంతుతో అంది, "సార్, ఆంటీవి ఎర్ర బూట్లు కావు. గోధుమ రంగువి. ఎడమ బూటు మడమ అరిగిపోయి ఉంటాది."

నేను ప్లేటు వెనక్కి తీసుకోబోయాను.

"ఇంగ కొంచెం ఎయ్యమంటారా?"

నా వెనకున్నాయన, "వెయ్యమ్మా, బాగా వెయ్యి, సన్మాన గ్రహీత కదా!" అని నవ్వాడు. ఆమె ఇంకో గరిటె వేసింది.

తిరిగి రైల్లో వస్తున్నప్పుడు మొదట మాట్లాడింది నా కూతురు. "నాన్నా, నువ్వెప్పుడు సీసీకి వెళ్ళావ్? యూ నెవర్ గో వాట్." సీసీ అంటే కమ్యూనిటీ సెంటరే. నేను కిటికీలోంచి చూశాను. "అండ్ నీకు కుకింగ్ రాదు. మై ఫ్రెండ్స్ ఆల్ దేర్, యూ నో. సో మలు లా." మలు అంటే ఇక్కడి మాటలో సిగ్గు.

రెండు స్టేషన్లు దాటాక నా భార్య నెమ్మదిగా అంది, "దీపావళికి ఆ అమ్మాయి మనింటికొచ్చింది, గుర్తుందా? సోఫాలో కూర్చుని ఈ కథంతా చెప్పింది. పప్పు మాడిందంటే నేనే ఎక్కువ నవ్వాను."

"ఊఁ."

"మీరప్పుడు ఫోన్ చూసుకుంటున్నారు. వినడం లేదనుకున్నాను. బాగానే విన్నారన్నమాట."

పక్క సీటాయన శాలువా చూసి, పెళ్ళికి వెళ్ళొస్తున్నారా అని అడిగాడు.

ఆ సాయంత్రమే సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాను. "ఈ రోజు నేను చెప్పిన కథ నాది కాదు. ఆ పని చేసింది మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి. సన్మానం ఆమెకి చెందాలి." ఆమె పేరు కూడా రాశాను. పంపాక, ఇక తిట్లు మొదలవుతాయని ఎదురు చూశాను.

మొదటి జవాబు రెండు దండాలు పెట్టే చేతుల బొమ్మలు. రెండోది, "ఎంత వినయం సార్ మీకు!" ఆ తర్వాత వరసగా వచ్చాయి. "తన కింద పనిచేసేవాళ్ళని ఇంతలా గౌరవించే మేనేజర్ని ఎక్కడా చూడలేదు." "ఎదిగినకొద్దీ ఒదిగి ఉండటం అంటే ఇదే." ఎవరో పూలు చల్లుతున్న వీడియో పెట్టారు. నేను అధ్యక్షుడికి ఫోన్ చేసి, వినయం కాదండీ, నిజంగానే అబద్ధం చెప్పాను అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "సార్, ఫోటోలు పేపర్లకి పంపేశాం. మీరలా అంటే సంఘం పరువేం కావాలి? ఆ అమ్మాయికి వచ్చే ఏడు యువ ప్రతిభ కింద ఏదో ఒకటి ఇద్దాంలెండి. రెస్ట్ తీసుకోండి."

నిజం చెప్పడం ఇంత కష్టమని నేననుకోలేదు. అబద్ధానికి ఎవరూ సాక్ష్యం అడగలేదు.

సోమవారం ఉదయం డైరెక్టర్ గదికి వెళ్ళాను. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మాట తక్కువ. అంతా చెప్పాను. కాల్‌లో చెప్పింది అబద్ధమని, నేను రాసిచ్చిన పేరా కూడా మోసమేనని. ఆయన కంప్యూటర్లో ఆ పేరా తెరిచి చదువుకున్నాడు.

"పోయిన ఏడాది ఒక మాట చెప్పావు. ఇవాళ ఇంకోటి చెబుతున్నావు. నేను దేన్ని నమ్మాలి?"

"ఇవాళ్టిది."

"మీ ఇద్దరిదీ ఒకే భాష. ఆమె ఉద్యోగం పోతుందని జాలిపడి చెప్పడం లేదని నాకెలా తెలుస్తుంది?"

సంఘంలో వినయం అయింది, ఇక్కడ జాలి అయింది. రేపు మధ్యాహ్నంలోగా ఆమె చేసిందని చూపే కాగితం ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. ఆమె నాకు పంపిన మెయిళ్ళున్నాయి. కానీ అన్నీ "మీరు చెప్పినట్టే చేశాను సార్" అని మొదలయ్యేవే. నాకు మర్యాద ఇవ్వడానికి ఆమె రాసుకున్న వాక్యం అది. ఏం చేయాలో నేను ఏనాడూ చెప్పలేదు.

ఆమెని అడగడానికి మొహం చెల్లలేదు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి జురాంగ్ ఈస్ట్‌లో దిగి, కమ్యూనిటీ సెంటర్ వెతుక్కుంటూ వెళ్ళాను. రెండో అంతస్తులో హాలు. ముప్ఫై నలభై మంది ఆడవాళ్ళు నీళ్ళ సీసాలు గోడవారగా పెట్టుకుని, వరసల్లో నిలబడి ఉన్నారు. ముందు నిలబడిన ఆంటీవి గోధుమ రంగు బూట్లు. ఎడమ మడమ అరిగి ఉంది. నేనెవరినో చెప్పాను.

"ఓ, యూ ద బాస్ ఆ?" అంది. తర్వాత ఆమె తన ఇంగ్లీషులో అన్నది తెలుగులో రాస్తున్నాను. "మా బాస్ క్లాసు చూడటానికి వస్తారని ఆ పిల్ల చెప్పింది. నీకోసం ముందు వరసలో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాను, నీ చోటు పట్టి ఉంచాను. మూడు వారాలు చేశాను. రాలేదు. ఇప్పుడెందుకొచ్చావు?"

ఆ పిల్ల నన్ను పిలిచిన మాట నిజమే. రేపు చూద్దాంలే అన్నాను.

వచ్చిన పని చెప్పాను. ఎందుకు అవసరమైందో కూడా చెప్పాను, ఏదీ దాచకుండా. ఆంటీ బూటు వైపు చూసుకుంటూ విని, "కాగితం ఇస్తాను. ముందు ఒక రౌండ్ నిలబడు" అంది. చివరి వరసలో చోటు చూపించింది. సారీ ఆంటీ, నాకు రాదు అన్నాను. "రాకుండానే ఇంత చేశావుగా" అంది. ముందు వరసలో ఇద్దరు ఫక్కున నవ్వారు.

పాట పెట్టారు. తొమ్మిదో పాట నేను మొదటిసారి మొత్తం విన్నది అక్కడే. గొంతు బొంగురుగా ఉంది, నెమ్మదిగా ఉంది. సంతనుంచి తిరిగొచ్చే దారిలో ఆమె చేతిలో పలుపులు ఎంత తేలిగ్గా ఉన్నాయో పాడే చోట ఫిడేలు ఆగిపోతుంది. అక్కడే అందరూ పక్క గోడ వైపు తిరిగారు. నేను తిరగలేదు. ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ తిరిగినప్పుడు నేను తప్పు వైపు తిరిగాను. హాలులో ఉన్న ఆడవాళ్ళందరి మొహాలూ నా మొహానికి ఎదురుగా ఉన్నాయి. ఒక్కరు కూడా ఆగలేదు. కాళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి, కళ్ళు నన్ను చూస్తున్నాయి. నాలుగు గోడలూ అయ్యేదాకా నిలబడ్డాను.

అయ్యాక ఆంటీ సంచీలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసింది. పైన పాట పేరు, డాన్సుకి ముప్ఫై రెండు తాళం లెక్కలు, నాలుగు గోడలు. మధ్యలో అడుగుల వరస. కింద తేదీ, దాని కింద ఒక వాక్యం: ఈ పాటను కనిపెట్టి నాకు వినిపించి, దీన్ని దేశదేశాలకు పంపుతున్న నా పక్కింటి అమ్మాయికి కృతజ్ఞతలు. ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మాకు ఆల్బమ్ వచ్చిన నెలలోని తేదీ అది.

"ఎవరి వల్ల పాట వచ్చిందో రాయడం మా పద్ధతి" అంది ఆంటీ. "ఈ కాగితం తైపీలో ఉంది, సియోల్‌లో ఉంది, పెనాంగ్‌లో ప్రతి హాలు గోడ మీదా ఉంది. నీ ఆఫీసులో లేదా?"

లేదన్నాను.

మంగళవారం పొద్దున్నే కాగితం డైరెక్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన చివరి వాక్యం రెండుసార్లు చదివి, ఆ రోజు జరగబోయే ప్రాంతీయ కాల్‌లో నేనే అందరికీ చెప్పాలన్నాడు. చెప్పాను. పోయిన ఏడాది నేను ఏ మాట అన్నానో అదే మాట మళ్ళీ పలికి, అది అబద్ధమన్నాను. ఎవరు చేశారో, ఎలా చేశారో చెప్పాను. తెర మీద చిన్న చిన్న గళ్ళలో మొహాలు కదల్లేదు. ఆమె కూడా కాల్‌లో ఉంది, కెమెరా ఆపేసుకుని. చివరికి ఎవరో గొంతు సవరించుకుని, "సరే, తర్వాతి విషయం" అన్నారు. ఈసారి ఎవరూ పూలు చల్లలేదు.

ఆ సాయంత్రం వెళ్ళిన జాబితాలో ఆమె పేరు లేదు. ఉద్యోగం నిలిచింది. ఆమె పోవాల్సిన చోట మా టీములో ఎక్కడా తప్పు చేయని ఇంకో మనిషి పోయాడు. ఆ లెక్కన నా అబద్ధం ఖరీదు అతను కూడా కట్టాడా, లేక ఎలాగూ ఎవరో ఒకరు కట్టాల్సిందేనా, నాకు తెలీదు. తెలీదని అనుకోవడంలో కూడా నాకే లాభం ఉందని తెలుసు. నా ప్రమోషన్ మీద విచారణ పెట్టారు. అది నా సంగతి.

శుక్రవారం ఆమె నా గదికి వచ్చింది. వేరే టీముకి మారడానికి తనే అడిగిందట, డైరెక్టర్ ఒప్పుకున్నాడట. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"తప్పు చేశానమ్మా" అన్నాను.

"ఊఁ సార్."

"నన్ను..."

"అది అడగద్దండి సార్. మీకు థాంక్స్ గూడా చెప్పను. నాది నాకిచ్చినారు, అంతే గదా." తర్వాత అంది, "మీ తాతకు ఎద్దులున్నాయంటిరే సార్, అది నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ బాధయింది. మా నాయన ఆ పొద్దు సంత నుంచి నడిచే వచ్చినాడు. పదిహేను కిలోమీటర్లు."

వచ్చిన పని అది కాదని ఆమె ముఖంలో కనిపిస్తోంది. పాస్ కోసం పెట్టే దరఖాస్తుకి, ఆమె ఇంతవరకూ ఏం పనిచేసిందో మేనేజర్ రాసిన ఉత్తరం జతచేయాలట. మారేలోగా ఆ ఉత్తరం నేనే రాయాలి.

"ఇప్పుడే రాస్తాను. నువ్వుండి చూడు" అన్నాను.

అప్పుడు కూర్చుంది. రాశాను. తొమ్మిదో పాట దగ్గర మొదలుపెట్టి, ఆంటీ, అడుగుల కాగితం, మలేసియా, తైవాన్, చార్టులో మొదటి స్థానం, అన్నీ జరిగిన వరసలో రాశాను. గంట పట్టింది. కంప్యూటర్ ఆమె వైపు తిప్పాను. నెమ్మదిగా చదివింది. మూడో వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది తీసేయండి సార్."

చూశాను. "నా మార్గదర్శకత్వంలో" అని ఉంది. ఎప్పుడు రాశానో నాకు గుర్తు లేదు. ఇన్నేళ్ళు రాసిన ఉత్తరాల్లో ఆ మాట ఎక్కడ పడాలో నా వేళ్ళకి తెలుసు, నన్నడక్కుండానే వేసేశాయి.

తీసేశాను. ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇంకోచోట "మేము" అని ఉంటే అదీ చూపించింది. అదీ మార్చాను. మూడోసారి చదివి, పంపండి అంది. ఆమె చూస్తుండగానే పంపాను.